కుర్చీ నుంచి పీటకు, పీట నుంచి చాపకు

హనుమకొండ

చిరంజీవి మేనకోడలికి మేనత్త ఆశీస్సులు.

మొన్న సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర నిన్ను గమనించాను. రెండు చుట్లు ఆడి మూడో చుట్టుకు పక్కకు తప్పుకున్నావు. మెట్టు మీద కూర్చున్నావు. లేవాల్సి వచ్చినప్పుడు ఒక చేయి మోకాలి మీద, ఇంకో చేయి నీ కూతురి భుజం మీద వేసి లేచావు. నీకింకా 44 ఏళ్లే. పెళ్లికి ముందు ఇదే చోట వంగి లేస్తూ, చప్పట్లు చరుస్తూ ఎంతసేపు ఆడేదానివో నాకు గుర్తుంది. ఇక చాలు రమ్మని మేమే చేయి పట్టి లాక్కొచ్చేవాళ్లం. నలుగురిలో అనడం ఇష్టంలేక ఆ రోజు ఊరుకున్నాను కానీ మనసు ఊరుకోలేదు. ఫోనులో చెబితే సగం విని "సరే అత్తమ్మా" అనేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. ఒకసారి చదివి పక్కన పడేయకుండా వంటగదిలో ఎక్కడైనా పెట్టుకో.

ఇంటికి వస్తూ దారిలో నువ్వన్న మాట ఒకటి ఉంది: "కరీంనగర్‌లో రోజూ అరగంట అంబేద్కర్ స్టేడియంలో నడుస్తూనే ఉన్నాను కదా, ఇంకేం చేయాలి?" నడక మంచిదే, మానవద్దు. కానీ నడక ఒక్కటే చాలదు. 34 ఏళ్లు నర్సుగా పనిచేసిన నాకే ఈ సంగతి 61వ ఏట గానీ ఒంటబట్టలేదు.

2015లో పదవీ విరమణ చేశాక నేను పొద్దున్నే భద్రకాళి చెరువు కట్ట మీద నడక మొదలుపెట్టాను. వాన పడితే తప్ప మానేదాన్ని కాదు. ఒంటికి కావలసినదంతా చేస్తున్నాననే నమ్మకం. మూడేళ్ల తర్వాత ఒక కార్తీక సోమవారం వేయి స్తంభాల గుడిలో దీపం పెట్టి కాసేపు బండ మీద కూర్చున్నాను. లేవబోతే తొడలు సహకరించలేదు. పట్టుకోవడానికి పక్కన స్తంభం లేదు. ముందుకు వంగి చూశాను, పక్కకు ఒరిగి చూశాను. చివరికి ఎవరో ఇద్దరు అమ్మాయిలు చంకల కింద చేతులు వేసి లేపారు. ఎముకల వార్డులో నేను ఎంతమందిని అలాగే లేపానో! ఆ క్షణంలో ఆ ముఖాలన్నీ గుర్తొచ్చాయి. తుంటి విరిగి వచ్చే పెద్దవాళ్లలో ఎక్కువమంది ఎత్తు నుంచి పడ్డవాళ్లు కారు. మంచం దిగుతూనో, స్నానాల గదిలోనో, గడప దాటుతూనో పడ్డవాళ్లు. కాలు తడబడినప్పుడు ఒంటిని నిలబెట్టుకునే బలం వాళ్ల తొడల్లో అప్పటికే లేదు.

ఆ తర్వాత ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లాను. నా మనవరాలి వయసు పిల్ల. చక్కగా విడమరిచి చెప్పింది. చదును నేల మీద నడుస్తున్నప్పుడు గుండెకూ ఊపిరితిత్తులకూ పని పడుతుంది కానీ తొడ కండరాల మీద పడే భారం తక్కువ. కింద నుంచి లేవాలంటే మాత్రం ఒంటి బరువునంతా ఆ కండరాలే ఎత్తాలి. ఆ పని వాటికి అప్పగించకపోతే అవి కరిగిపోతాయి. ముప్పై దాటాక ప్రతి పదేళ్లకూ కండ 3 నుంచి 8 శాతం వరకు తగ్గుతుంది, అరవై దాటాక ఇంకా వేగంగా తగ్గుతుంది. అయితే పోయిన బలాన్ని ఏ వయసులోనైనా కొంత తిరిగి తెచ్చుకోవచ్చు. అమెరికాలో ఒక వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్ల వయసున్న కొద్దిమందికి ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారు. వాళ్ల కాళ్ల బలం రెట్టింపుకు మించి పెరిగింది. 1990లో వచ్చిన ఫలితం ఇది. ఆ వయసులో వాళ్లకు సాధ్యమైంది నీకెందుకు కాదు?

ముందు నీ బలం ఎంతో నువ్వే చూసుకో. చేతులు లేని కుర్చీని గోడకు ఆనించు. కూర్చునే చోటు నేల నుంచి 17 అంగుళాల ఎత్తు ఉంటే సరిపోతుంది. చేతులు రెండూ ఛాతీ మీద కట్టుకుని కూర్చుని లేస్తూ 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలవో నీ కూతురిని లెక్కపెట్టమను. 60 నుంచి 64 ఏళ్ల ఆడవాళ్లకు 12 కంటే తక్కువ వస్తే బలం సరిపోదని లెక్క. నాకు మొదటిసారి ఎనిమిది వచ్చాయి. ఇప్పుడు 68వ ఏట పదిహేను వస్తున్నాయి. నీకు 12 వచ్చినా సంబరపడకు, అది నీ వయసువాళ్ల లెక్క కాదు.

ఇక వ్యాయామం. దీనికి పైసా ఖర్చు లేదు. అదే కుర్చీ నుంచి చేతులు వాడకుండా పొద్దున ఐదుసార్లు, సాయంత్రం ఐదుసార్లు లేచి కూర్చో. పాదాలు భుజాల వెడల్పున పెట్టి, నడుము నిటారుగా ఉంచి కాస్త ముందుకు వంగి, మడమలతో నేలను నొక్కుతూ లేవాలి. లేచేటప్పుడు ఊపిరి వదలాలి, బిగబట్టకూడదు. బిగబడితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యం కూర్చోవడం. దభాలున కూలబడతాం చూడు, అలా కాదు. మనసులో మూడు లెక్కపెట్టుకుంటూ మెల్లగా దిగాలి. దిగేటప్పుడు కూడా కండరం బరువును ఆపుతూ పనిచేస్తుంది, బలం అక్కడా వస్తుంది. వారం తర్వాత ఎనిమిది, ఆ తర్వాత పది. పదేసి చొప్పున పూటకు రెండు విడతలు తేలిగ్గా చేయగలిగినప్పుడు కుర్చీ వదిలి స్టూలుకు దిగు. స్టూలు అలవాటయ్యాక పీట. పీట మీది నుంచి చేయి ఆనించకుండా లేవగలిగిన రోజున చాప పరుచుకో. చాప దగ్గర మొదట్లో ఒక మోకాలు నేలకు ఆనించి, రెండో పాదం ముందుకు వేసి లేవవచ్చు. కొన్నాళ్లకు ఆ ఆసరా కూడా అక్కర్లేకుండా పోతుంది. కుర్చీ నుంచి చాపకు రావడానికి నాకు ఏడు నెలలు పట్టింది. నీకు అంత పట్టకపోవచ్చు. పట్టినా నష్టమేమీ లేదు. బడిలో మాస్టారు తీయించిన గుంజీళ్లు, మీ తమ్ముళ్లు తీసే బస్కీలు, అన్నీ ఈ కదలికే. మనం దాన్ని మెట్లు మెట్లుగా చేస్తున్నాం, అంతే.

నేల మీది నుంచి లేవడాన్ని నేనింత పట్టుకుని వేలాడడానికి కారణం ఉంది. బ్రెజిల్ వైద్యులు 51 నుంచి 80 ఏళ్ల మధ్య వయసున్న రెండు వేల మందిని నేల మీద కూర్చుని లేవమన్నారు. కూర్చోవడానికి ఐదు, లేవడానికి ఐదు, మొత్తం పది మార్కులు. చేయి ఆనిస్తే ఒకటి, మోకాలు ఆనిస్తే ఒకటి తీసేశారు. తర్వాత కొన్నేళ్ల పాటు వాళ్లను గమనిస్తే మార్కులు బాగా తక్కువ వచ్చినవాళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. 2012లో ఈ ఫలితం బయటికి వచ్చింది. లేవలేకపోవడం వల్లే చనిపోయారని దీని అర్థం కాదు. కాళ్ల బలం, కీళ్ల వంపు, నిలకడ, ఒంటి బరువు అన్నీ కలిస్తేనే నేల మీది నుంచి లేవగలం కాబట్టి ఆ ఒక్క పనిలో ఒంటి సంగతంతా కనబడుతుంది. మనం కింద కూర్చుని తినే ఇళ్లలో పుట్టాం. డైనింగ్ టేబుల్ వచ్చి ఆ అలవాటును తీసుకుపోయింది. కనీసం రాత్రి భోజనమైనా నువ్వూ పిల్లలూ చాప మీద బాసింపట్టు వేసుకుని చేయండి.

మీ నానమ్మ వ్యాయామం చేసిందా అని నువ్వు అడుగుతావని తెలుసు. ఆమె ఇసుర్రాయి తిప్పింది, పొలంలో నాట్లు వేసింది, బిందెలు మోసింది. అయినా అరవై రాకముందే నడుము వంగిపోయింది. కష్టం వేరు, వ్యాయామం వేరు తల్లీ. కష్టంలో విశ్రాంతి లేదు, తగిన తిండి లేదు, ఈ రోజుకు చాలని ఆపే అధికారం ఆమె చేతిలో లేదు. వ్యాయామంలో ఇవన్నీ మన చేతిలో ఉంటాయి. అందుకే పాతకాలం వాళ్లు గట్టివాళ్లు అనే మాట నేను అనను. వార్డులో వాళ్ల మోకాళ్లను చూశాను.

నువ్వు పంపిన పరీక్ష కాగితం కూడా చూశాను. మూడు నెలల షుగరు సగటు (HbA1c) 6.1 శాతం ఉంది. 5.7 నుంచి 6.4 వరకు షుగరు గుమ్మంలో ఉన్నట్టు. భయపడాల్సిన పని లేదు కానీ కళ్లు మూసుకోవడమూ తగదు. అన్నం తిన్నాక రక్తంలోకి వచ్చే చక్కెరలో పెద్ద వాటాను తీసుకునేవి కండరాలే. అవి కదిలితే ఇంకా చురుగ్గా తీసుకుంటాయి. కాబట్టి పొద్దున స్టేడియం నడకతో పాటు రాత్రి భోజనం కాగానే పది పదిహేను నిమిషాలు మీ వీధిలోనే అటూ ఇటూ నడువు. నీ భర్తనూ తీసుకెళ్లు, అతనికీ కావాలి. పొద్దున నడక కూడా ఊసులాడుకుంటూ పెళ్లి నడకలా ఉండకూడదు. మాట్లాడగలగాలి, పాట పాడమంటే మాత్రం ఊపిరి చాలకూడదు. ఆ వేగం సరైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వారానికి 150 నిమిషాలు ఆ వేగానికే. దానికి తోడు వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయమని కూడా ఆ సంస్థే చెబుతుంది. ఆ రెండో మాట ఎవరికీ గుర్తుండదు. ఫోనులో పదివేల అడుగులు రాలేదని దిగులుపడకు. ఆ అంకె 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరానికి పెట్టిన పేరు నుంచి వచ్చింది, వైద్యులు తేల్చింది కాదు.

ఆఫీసులో తొమ్మిది గంటలు కూర్చుంటానన్నావు. మీ మామయ్య కండక్టరుగా చేసినన్నాళ్లు హనుమకొండ–కరీంనగర్ బస్సులో నిలబడే ఉన్నాడు. విశ్రాంతి దొరికిందని టీవీ ముందు కూర్చున్న రెండేళ్లకు షుగరు వచ్చింది. లండన్‌లో రెండంతస్తుల బస్సుల డ్రైవర్లనూ కండక్టర్లనూ పోల్చి 1953లో ఒక పరిశోధన అచ్చువేశారు. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, మెట్లెక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బులు తక్కువగా ఉన్నాయి. అది చదివినప్పుడు మా ఇంటి కథే అనిపించింది. నువ్వు అరగంటకోసారి లేచి నిలబడు. నీళ్లసీసా బల్ల మీద పెట్టుకోవద్దు, లేచి వెళ్లి తాగు. మూడో అంతస్తుకు లిఫ్టు మానెయ్యి.

చేతులకు గోడ చాలు. గోడకు రెండడుగుల దూరంలో నిలబడి, అరచేతులు ఆనించి, మోచేతులు వంచుతూ ఒంటిని గోడ దగ్గరికి తెచ్చి వెనక్కి నెట్టు. పదిసార్లు. కూరగాయలు తెచ్చేటప్పుడు బరువును రెండు సంచుల్లో సమానంగా సర్ది రెండు చేతులా మోసుకురా. పళ్లు తోముకుంటున్నంతసేపు ఒక కాలి మీద నిలబడు, సగం తోమడం అయ్యాక కాలు మార్చు. పక్కన వాష్ బేసిన్ ఎలాగూ ఉంటుంది, తూలితే పట్టుకోవచ్చు. పాలు కాగేదాకా మడమలు ఎత్తి దించు.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. కొత్తలో రెండు రోజులు తొడలు పట్టేసినట్టు ఉంటాయి. అది మామూలే, మానవద్దు. మోకాలి కీలు లోపల పొడిచినట్టు నొప్పి వస్తే, లేదా మరుసటి రోజుకూ వాపు తగ్గకపోతే ఒక మెట్టు వెనక్కి వెళ్లు. పీట నుంచి మళ్లీ కుర్చీకి రావడంలో చిన్నతనమేమీ లేదు. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చల్లని చెమట, వీటిలో ఏది వచ్చినా అక్కడికక్కడే ఆపి ఆసుపత్రికి వెళ్లు. గ్యాసు అనుకుని ఇంట్లో కూర్చున్నవాళ్లను నేను చాలామందిని చూశాను, అందరూ తిరిగి ఇంటికి వెళ్లలేదు. మన వైపు మే నెల ఎండలు నీకు తెలిసినవే. ఆ రోజుల్లో ఆరున్నరకల్లా నడక ముగించు, లేదంటే ఇంట్లోనే కుర్చీ వ్యాయామం చేసుకో.

సమయం దొరకదంటావు. నేను చెప్పినదంతా కలిపినా నడక కాకుండా పన్నెండు నిమిషాలు. పొద్దున టీ మీ ఆయనను పెట్టమను. కావాలంటే నేనే అతనితో మాట్లాడతాను. ఇంట్లో అందరి ఒంటినీ కనిపెట్టుకుని ఉండే మనిషి తన ఒంటి కోసం పన్నెండు నిమిషాలు అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

మీ నాన్న వచ్చే ఆదివారం కరీంనగర్ వస్తున్నాడు. అతని చేత మీ నానమ్మ కూర్చుని కూరలు తరిగిన పీట పంపిస్తున్నాను. టేకు పీట, కొలిచి చూశాను, సరిగ్గా తొమ్మిది అంగుళాల ఎత్తుంది. వచ్చిందని వెంటనే దాని మీద కూర్చోవద్దు. మొదటి నెల కుర్చీనే. 30 సెకన్లకు ఎన్ని వచ్చాయో మాత్రం ఆదివారం రాత్రి ఫోను చేసి చెప్పు, ఇక్కడ క్యాలెండరు మీద రాసి పెట్టుకుంటాను.

ఇట్లు
నీ మేనత్త