మైనర్‌గా ఉన్నప్పుడు రాసిన ప్రోనోటు చెల్లుతుందా?

మీ తమ్ముడు 17 ఏళ్లప్పుడు 40 వేలకి ప్రోనోటు రాసిచ్చాడు, ఇప్పుడు 18 నిండాయని అప్పిచ్చినాయన కొత్త నోటు రాయమంటున్నాడు అన్నారు కదండీ, దయచేసి ఇంకేం సంతకం పెట్టనివ్వకండి. 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 11 ప్రకారం మైనర్‌కి ఒప్పందం చేసుకునే అర్హతే లేదు, 1903లో మొహోరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో మన దేశానికి అన్నింటికన్నా పై కోర్టు) అలాంటిది మొదట్నుంచీ చెల్లదని తేల్చేసింది, అందుకే మేజరయ్యాక ఒప్పుకున్నా పాత నోటుకి ప్రాణం రాదు. కానీ కొత్తగా ఇంకో పదివేలు చేతిలో పెట్టి మొత్తం కలిపి రాయించుకున్నారనుకోండి, అప్పుడది మేజర్‌గా చేసిన కొత్త ఒప్పందమై చిక్కులో పడతాడు, నాకు అదే భయం. ఇంకోటి, ఆ నోటు మీద నాన్నగారి సంతకం కూడా ఉందేమో చూడండి, ఉంటే ఆయన మీదకి రావచ్చు. పుట్టిన తేదీ రుజువుకి పదో తరగతి మెమో తీసుకుని లాయర్‌ని కలవండి.