ఎలక్ట్రిక్ గిటార్‌కి ఫ్రెట్లు మార్పించాలంటే ఏ ఫ్రెట్ వైర్ వేయించుకోవాలి?

మీరు అడిగినవి రెండు. మొదటి అయిదు ఫ్రెట్ల (నెక్ మీద అడ్డంగా ఉండే సన్నటి లోహపు కడ్డీలు) మీద స్ట్రింగ్స్ కింద గుంతలు పడ్డాయి, రిపేర్ చేసే ఆయన మొత్తం రీఫ్రెట్ చేయాలన్నారు, అది నిజంగా అవసరమా అన్నది ఒకటి. చేయిస్తే మీడియం జంబో సైజు వైర్ వేయించాలా జంబో సైజు వేయించాలా, నికెలా స్టెయిన్‌లెస్ స్టీలా అన్నది రెండోది. మీది రోజ్‌వుడ్ బోర్డ్ (ఫ్రెట్లు దిగేసే చెక్క) అనీ, పల్చటి 9 గేజ్ స్ట్రింగ్స్ వాడతారనీ, కార్డ్స్, బెండ్స్ (స్ట్రింగ్‌ని వేలితో తోసి స్వరం పెంచడం) రెండూ బాగా వాయిస్తారనీ రాశారు.

నేను రెండు గిటార్లకు ఫ్రెట్లు మార్పించాను. ఒకటి మేపుల్ బోర్డ్ ఉన్న పాత మోడల్ ఫెండర్ స్ట్రాట్, దానికి నికెల్ వేయించాను. రెండోది రోజ్‌వుడ్ బోర్డ్, పక్కన బైండింగ్ (అంచు వెంట అతికించే సన్నటి అలంకరణ) ఉన్న గిటార్, దానికి స్టెయిన్‌లెస్ స్టీల్. ఇప్పటికీ రెండూ వాయిస్తున్నాను. అందుకని చేతికి తెలిసినదే రాస్తున్నాను.

వైర్ విషయంలో ముందు ఎత్తు తేల్చుకోండి. ఆ తర్వాత వెడల్పు, అన్నిటికన్నా చివర లోహం. చాలామంది స్టీలా నికెలా అన్న దగ్గర మొదలుపెట్టి, అక్కడే ఓపిక అంతా ఖర్చు చేసి, ఎత్తు సంగతి రిపేర్ చేసేవాళ్లకే వదిలేస్తారు. కానీ గిటార్ పట్టుకున్న ప్రతిసారీ వేలికి తగిలేది ఎత్తే.

రీఫ్రెట్ అవసరమా అన్నది కొలిస్తే తేలుతుంది. డిజిటల్ కాలిపర్ ఉంటే, అరగని ఫ్రెట్ ఎత్తు ఎంతుందో, గుంతల లోతు ఎంతుందో చూడండి. ఫ్రెట్ లెవెలింగ్ అంటే అన్ని ఫ్రెట్ల తలల్నీ ఆ గుంతల అడుగు దాకా సమంగా అరగదీసి, ఒక్కొక్క తలనీ మళ్లీ గుండ్రంగా తీర్చి, పాలిష్ చేయడం. అంటే లోతైన ఒక్క గుంత కోసం మిగతా ఫ్రెట్లన్నీ ఎత్తు కోల్పోతాయి. ఫ్రెట్ ఇప్పుడు 1.1 మి.మీ. ఉండి, గుంత 0.2 మి.మీ. అయితే లెవెలింగ్‌తో సరిపోతుంది, ఇంకొన్నేళ్లు నిశ్చింతగా వాయించవచ్చు. అరగదీశాక 0.7 మి.మీ. కన్నా తక్కువ మిగిలేలా ఉంటే మాత్రం ఆ ఖర్చు రీఫ్రెట్‌కే పెట్టమంటాను. అంత పొట్టి ఫ్రెట్ల మీద బెండ్ చేసేటప్పుడు వేలు స్ట్రింగ్ కింద పట్టు దొరక్క జారిపోతుంది.

మీ విషయంలో మధ్యేమార్గం ఒకటుంది. అరిగినవి మొదటి అయిదే, మిగతావి బాగున్నాయంటున్నారు కదా. ఇప్పుడున్న వైర్ కొలతలే ఉన్న వైర్ దొరికితే ఆ అయిదింటినీ, లేదా మొదటి ఏడింటినీ మాత్రం మార్చి, పాతవాటి ఎత్తుకు లెవెల్ చేయించుకోవచ్చు. దీన్ని పార్షియల్ రీఫ్రెట్ అంటారు. ఓపెన్ కార్డ్స్ ఎక్కువ వాయించేవాళ్లకు ఇది చాలా మంచి పద్ధతి. మీ రిపేర్ ఆయన్ని తప్పకుండా అడగండి.

ఇక ఎత్తు. మార్కెట్‌లో దొరికే వైర్లు సుమారు 0.9 మి.మీ. నుంచి 1.5 మి.మీ. దాకా ఉంటాయి. వినడానికి అర మిల్లీమీటరు తేడాయే, చేతిలో మాత్రం గిటారే మారిపోయినట్టు ఉంటుంది. పొట్టి ఫ్రెట్ల మీద వేలి కొస చెక్కకు తగులుతుంది, బెండ్ చేసినప్పుడు స్ట్రింగ్‌తో పాటు బోర్డునీ రాస్తుంది. ఎత్తైన ఫ్రెట్ల మీద వేలికి తగిలేది స్ట్రింగ్ ఒక్కటే. వేలు దాని కిందికి దూరి పైకి తోయగలదు. వైబ్రాటో కూడా తేలిక. నా స్ట్రాట్‌లో ఫ్యాక్టరీ వైర్ బాగా అరిగి చదునైపోయింది. 1.4 మి.మీ. వైర్ వేయించాక, రెండు ఫ్రెట్ల దూరం బెండ్ కి పడే శ్రమ సగానికి తగ్గినట్టు అనిపించింది.

దీనికి చెల్లించాల్సిన మూల్యం శ్రుతి. ఎత్తైన ఫ్రెట్ మీద గట్టిగా నొక్కితే స్ట్రింగ్ ఇంకా కిందికి దిగుతుంది, సాగుతుంది, స్వరం పైకి పోతుంది. పల్చటి స్ట్రింగ్స్ మీద ఇది మరీ తెలుస్తుంది. మీరు వాడేది 9 గేజ్ కాబట్టి వైర్ ఎంచుకునే ముందు ఒక పరీక్ష చేయండి. ట్యూనర్ పెట్టుకుని, ఎత్తైన ఫ్రెట్లున్న గిటార్ ఏదైనా తీసుకోండి, స్నేహితులదైనా పర్వాలేదు. మూడో స్ట్రింగ్ మీద రెండో ఫ్రెట్‌ని మామూలుగా వాయించేటప్పుడు నొక్కినంతే నొక్కి సూది చూడండి. తర్వాత బారే కార్డ్ (ఒకే వేలితో స్ట్రింగ్స్ అన్నీ అడ్డంగా నొక్కేది) పట్టి, అందులో ఒక్కో స్ట్రింగ్ విడిగా మోగించండి. సూది పైకి పోతూనే ఉంటే మీ చేయి బరువైనదన్నమాట. అలాంటి చేతికి 1.2 మి.మీ. దగ్గర ఆగడం మంచిది. అలవాటు మార్చుకోవచ్చు కదా అని కొందరంటారు, నేర్చుకునేవాళ్ల విషయంలో అది నిజమే. ఏళ్ల తరబడి స్థిరపడిన చేతిని వైర్ కోసం మార్చమని నేను చెప్పను.

అసలు ఎత్తుగా ఉంటేనే గొప్ప అనుకోవడం కూడా సరికాదు. 1950ల గిబ్సన్ లెస్ పాల్ కస్టమ్‌కి ‘ఫ్రెట్‌లెస్ వండర్’ అని పేరుండేది. కావాలనే దాని ఫ్రెట్లను బాగా పొట్టిగా, చదునుగా పెట్టారు. నెక్ పొడవునా చేయి అడ్డులేకుండా జారాలన్నది ఉద్దేశం. జాజ్ కార్డ్స్, స్లైడింగ్ వాయించే చేతికి అది హాయి. బెండ్స్ మీద బతికే రాక్, బ్లూస్ వాయించేవాళ్లకు కష్టం.

ఎత్తులో ఇంకో లాభముంది, ఆయుష్షు. 1.4 మి.మీ. వైర్‌ని జీవితకాలంలో రెండు మూడు సార్లు లెవెల్ చేయించుకోవచ్చు. 0.9 మి.మీ. వైర్‌కి మొదటి లెవెలింగే దాదాపు ఆఖరిది.

వెడల్పు గురించి ఎక్కువ చెప్పాల్సిందేమీ లేదు. సన్నటి వైర్ మీద స్లైడ్ చేస్తే ఒక్కో ఫ్రెట్ విడివిడిగా వేలికి తెలుస్తుంది, వెడల్పైనదాని మీద నున్నగా దాటిపోతుంది. పై ఫ్రెట్ల దగ్గర చోటు తక్కువ, అక్కడ లావు వేళ్లున్నవాళ్లకు సన్నటి వైర్ మేలు. ఒక్క జాగ్రత్త చాలు: వెడల్పైన ఫ్రెట్ అరిగి తల చదునైతే స్ట్రింగ్ ఫ్రెట్ నడిమి నుంచి కాక బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద స్ట్రింగ్స్ ఆనే చోటు) వైపు అంచు నుంచి మోగుతుంది, స్వరం పైకి జరుగుతుంది. తల గుండ్రంగా ఉన్నంతకాలం ఆ బాధ లేదు.

పేర్లను నమ్మకండి, అంకెలు అడగండి. మీడియం జంబో అన్న ఒకే పేరుతో పొట్టి వైర్లూ ఉన్నాయి, మధ్యస్థమైనవీ ఉన్నాయి. డన్‌లప్ కంపెనీ 6130 వెడల్పు 2.69, ఎత్తు 0.91 మి.మీ. డన్‌లప్ 6105 సన్నగా 2.29 ఉండి, ఎత్తు 1.40. అదే ఎత్తుకు 2.79 వెడల్పు ఉన్నది 6100, జంబో అనేది దాన్నే. జెస్కార్ కంపెనీ వాళ్ల నంబర్లలో కొలత దాగి ఉంటుంది. 47104 అంటే ఎత్తు అంగుళంలో వెయ్యింట 47 వంతులు, వెడల్పు వెయ్యింట 104 వంతులు. అంటే సుమారు 1.19, 2.64 మి.మీ. అలాగే 55090 అంటే కొలతల్లో డన్‌లప్ 6105కి జోడీ.

లోహం సంగతికి వద్దాం. నికెల్ సిల్వర్ పేరులోనే వెండి ఉంది, లోహంలో లేదు. రాగి, నికెల్, జింక్ కలిసిన మిశ్రమం అది. మెత్తనిది, పని తేలిక, దాదాపు అందరు రిపేర్ వాళ్ల దగ్గరా ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ దానికన్నా చాలా గట్టిది. నా రెండో గిటార్‌లో ఇప్పటిదాకా గుంత అన్నదే కనబడలేదు, బెండ్ చేస్తే గాజు మీద జారినట్టు ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఈవో గోల్డ్ అని బంగారు రంగు వైర్ ఉంది. రాగిలో తగరం, ఇనుము, కొద్దిగా టైటేనియం కలిపి చేస్తారు. నికెల్ లేదు కాబట్టి నికెల్ తగిలితే దద్దుర్లు వచ్చేవాళ్లు దీన్నే ఎంచుకుంటారు.

స్టీల్ వేస్తే సౌండ్ కీచుమంటుందని కొందరికి టెన్షన్. ఆంప్‌లోంచి వచ్చే సౌండ్‌లో నాకు ఆ తేడా వినబడలేదు. పికప్, స్ట్రింగ్స్, పిక్ మార్చినప్పుడు వచ్చే తేడా ముందు అది లెక్కలోకి రాదని నా అభిప్రాయం. స్టీల్ వద్దనుకోవడానికి అసలైన కారణం వేరే ఉంది, పని చేసే చేయి. అది ఫైళ్లను తినేస్తుంది, వంచితే వెనక్కి లేస్తుంది, చివర్లు గుండ్రంగా తీర్చడానికి చాలా సమయం పడుతుంది. తొందరపడి వదిలేసిన స్టీల్ చివర్లు అరచేతిని గీరుతూనే ఉంటాయి. స్టీల్‌తో పని చేసిన అనుభవం లేనివారి చేత స్టీల్ వేయించడం కన్నా అదే మనిషి చేత నికెల్ చక్కగా వేయించుకోవడం మేలు.

పని ఎలా జరుగుతుందో కొంచెం తెలిస్తే మంచి ప్రశ్నలు అడగగలరు. పాత ఫ్రెట్‌ని సోల్డరింగ్ ఐరన్‌తో వేడి చేసి, లోపలి జిగురు మెత్తబడ్డాక, అంచు చదునుగా చేసిన కటింగ్ ప్లయర్‌తో మెల్లగా లేపుతారు. వేడి చేయకుండా లాగితే పక్కనున్న చెక్క పెచ్చులు లేస్తుంది, ఎబొనీ మరీను. పాత ఫెండర్లలో చాలావాటికి ఫ్రెట్లను పైనుంచి కాక పక్కనుంచి దూర్చారు. వాటిని పక్కకే తీయాలి. మీ గిటార్‌కి బైండింగ్ ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే ఫ్రెట్ కింది పట్టీని రెండు చివర్లా కత్తిరించి, తల మాత్రం బైండింగ్ మీదికి వచ్చేలా కూర్చోబెట్టాలి.

అన్నిటికన్నా సూక్ష్మమైనది ఆ కింది పట్టీ మందం. దాన్ని టాంగ్ అంటారు. అది దిగే చెక్కలోని గాడి కన్నా టాంగ్ కొద్దిగా లావైతే ప్రతి ఫ్రెట్టూ చెక్కను పక్కకు తోస్తుంది. ఇరవై పైచిలుకు గాడుల్లో ఆ తోపు కలిసి నెక్ వెనక్కి వంగిపోతుంది, ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీ) ఎంత వదులు చేసినా ముందుకు రాదు. మరీ వదులైతే ఫ్రెట్లు పైకి లేస్తాయి. టాంగ్ మందం గాడికి సరిపోతుందో లేదో కొలిచాకే పని మొదలుపెడతారా అని అడగండి. ఈ ప్రశ్నకు వచ్చే జవాబుతోనే ఎదుటివారి పనితనం తెలిసిపోతుంది.

నట్‌ని, అంటే నెక్ పై చివర స్ట్రింగ్స్ ఆనే గాడుల ముక్కని, చాలామంది మరిచిపోతారు. కొత్త ఫ్రెట్లు పాతవాటికన్నా ఎత్తైతే నట్ గాడులు లోతైపోయినట్టే, ఓపెన్ స్ట్రింగ్స్ మొదటి ఫ్రెట్‌కి తగిలి గరగరమంటాయి. కొత్త నట్ ఖర్చు కూడా కలిపే చెప్పమనండి.

మీరు చెప్పినదాన్ని బట్టి, పార్షియల్ రీఫ్రెట్ కుదరకపోతే నేనైతే ఇలా చేస్తాను: ట్యూనర్ పరీక్షలో చేయి తేలికైనదని తేలితే 6105 లేదా 55090, బరువైనదైతే 47104. లోహం నికెల్, రిపేర్ ఆయనకు స్టీల్‌లో చేయి తిరిగి ఉంటే స్టీల్. గిటార్ ఇచ్చేటప్పుడు మీరు వాడే గేజ్ స్ట్రింగ్స్ కొత్త సెట్ ఒకటి ఇచ్చి, ఏ ట్యూనింగ్‌లో వాయిస్తారో చెప్పండి. లెవెలింగ్ ఆ లాగుడుకు తగ్గట్టు చేస్తారు. తీసుకునేటప్పుడు ఆరు స్ట్రింగ్స్ మీదా ప్రతి ఫ్రెట్టూ మోగించి, పై ఫ్రెట్ల దగ్గర మొదటి స్ట్రింగ్‌ని గట్టిగా బెండ్ చేసి స్వరం మధ్యలో ఆగిపోతోందేమో చూడండి. మిగిలిన వైర్ ముక్క అడిగి కేసులో దాచుకోండి, కొన్నేళ్లకు రెండు మూడు ఫ్రెట్లు మార్చాల్సి వస్తే అదే వైర్ కోసం వెతుక్కునే పని ఉండదు.