అమ్మ పిల్లి వచ్చింది, ఇంట్లో పోరు మొదలైంది

ప్రశ్న: మాది విజయవాడ, రెండు పడకగదుల ఫ్లాటు. ఏడేళ్ల చిట్టి, నాలుగేళ్ల గుండు అని రెండు పిల్లులున్నాయి. రెండింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. గత నెల అమ్మ పోయింది. తెనాలి దగ్గర ఊళ్లో ఆమె పెంచుకున్న లచ్చిని, ఆమె పాత చీర పరిచిన బుట్టలో పెట్టి తెచ్చుకున్నాను. హాల్లో మూత తీయగానే చిట్టి మీదపడి రక్కింది. పన్నెండు రోజులుగా లచ్చి బీరువా వెనకే ఉంటోంది. చిట్టి మావారి దుప్పటి మీద మూత్రం పోస్తోంది. ఇప్పుడు గుండుకీ చిట్టికీ కూడా పడటం లేదు. రైతు బజారు దగ్గర వదిలేసి రమ్మంటున్నారు అత్తగారు. అమ్మ గుర్తును ఎలా వదలను?

జవాబు: మీరు లచ్చిని పుట్టింటి చుట్టంలా తీసుకొచ్చారు. చిట్టి కంటికి మాత్రం అది చెప్పాపెట్టకుండా ఇంట్లో దూరిన పరాయిది. బుట్టను హాలు మధ్యలో తెరవడం తొందరపాటే. ఆ దుఃఖంలో ఇవన్నీ ఎవరు ఆలోచిస్తారు? లచ్చి ఇంకా రానేలేదనుకుని మళ్లీ మొదలుపెట్టండి.

దానికన్నా ముందు మూడింటినీ డాక్టరుకు చూపించండి. దుప్పటి మీద పోయడం మీవారి మీద పగ కాదు. బెదిరిన పిల్లి తన వాసన చల్లుకుంటుంది. మూత్రకోశంలో మంట ఉన్నా ఇలాగే చేస్తుంది. గుండు మగది కాబట్టి ఒక్క హెచ్చరిక. మలమూత్రాలకు పెట్టే లిట్టర్ ట్రేలో పదేపదే కూర్చుని ముక్కుతున్నా చుక్క రాకపోతే తెల్లారేదాకా ఆగవద్దు. మూత్రనాళం మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. లచ్చి ఊళ్లో తిరిగిన పిల్లి. దానికి టీకాలు, నులిపురుగుల మందు, గోమార్లకు మందు, ఒక పిల్లి నుంచి మరో పిల్లికి అంటుకునే ల్యుకేమియా వైరస్ ఉందేమో తెలిపే రక్తపరీక్ష కావాలి. ఆపరేషన్ కాకపోతే అదీ చేయించాలి. డాక్టరు సరే అనేవరకు వాటిని కలపవద్దు.

ఇక గది. ఒక పడకగది పూర్తిగా లచ్చికి వదిలేయండి. తిండి, నీళ్లు, లిట్టర్ ట్రే, దూరడానికి ఒక అట్టపెట్టె అక్కడే ఉండాలి. పిల్లి తన కూనలను ఏడిళ్లు తిప్పుతుందంటారు కదా, ఆ తిప్పేది భద్రమైన మూల కోసమే. లచ్చికి ముందు అలాంటి మూల దొరకాలి. బీరువా వెనక నుంచి లాగకండి. మీరు వెళ్లి నేల మీద కూర్చోండి, ఏదైనా చదువుకోండి. వస్తే వస్తుంది.

పిల్లులు ఒకదాన్నొకటి కంటితో కన్నా ముక్కుతో గుర్తుపడతాయి. ఒక మెత్తటి గుడ్డతో లచ్చి బుగ్గలు నిమిరి, దాన్ని చిట్టి తినేచోట ఉంచండి. చిట్టి బుగ్గలు నిమిరిన గుడ్డ లచ్చి దగ్గర పెట్టండి. బుస్సుమంటే దూరం జరపండి, పట్టించుకోకపోతే దగ్గరికి తేండి. తర్వాత మూసిన తలుపుకు అటూ ఇటూ గిన్నెలు పెట్టి ఒకేసారి తిండి వేయండి. మొదట ఆరేడు అడుగుల దూరంలో పెట్టి, రోజుకు కొంచెం చొప్పున తలుపు దగ్గరికి జరపండి. అవతలి వాసన వస్తే చేపముక్క వస్తుందని వాటికి అర్థం కావాలి, అంతే. ఆ తర్వాత దోమల జాలీ తలుపు బిగించి, దాని గుండా చూసుకోనివ్వండి. ఇది వారాల పని, కొన్ని ఇళ్లలో నెలల పని.

గుండుకు దెబ్బలెందుకు పడుతున్నాయంటారా? అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, అందని లచ్చి మీది కోపం అందే గుండు మీద తీరుతోంది. (మీ ఇంట్లో ఈ సామెత పైకి అనకండి.) కలబడితే చేతులు అడ్డుపెట్టవద్దు, మధ్యలో అట్టముక్క దించండి. బుస్సుమన్నందుకు మాత్రం తిట్టకండి. కొట్లాటకు ముందు చెప్పే మాట అది. అది చెప్పనివ్వకపోతే నేరుగా పంజా లేస్తుంది.

మూడు పిల్లులకు నాలుగు ట్రేలు కావాలి, అవీ వేరువేరు చోట్ల. వరసగా పేర్చితే ఒక పిల్లి గుమ్మంలో కూర్చుని అన్నింటికీ కాపలా కాస్తుంది. తడిసిన చోట ఫినాయిల్ వాడకండి, పిల్లులకు అది విషం. మూత్రం వాసనను విరగ్గొట్టే ఎంజైమ్ క్లీనర్లు దొరుకుతాయి, అవి వాడండి.

అత్తగారి మాట వినడానికి కఠినమే. కానీ పన్నెండు రోజులుగా మూత్రం కంపు భరిస్తున్నది ఆవిడ కూడా. పెంపుడు జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. అయినా ఆ చట్టం ఆవిడ ముందు తీయకండి. మూడు నెలల గడువు అడగండి. దుప్పట్లు ఉతికే పని మీరూ మీవారూ పంచుకోండి. వీలైతే తలుపు దగ్గర చిట్టి గిన్నె పెట్టే పని ఆవిడకు అప్పగించండి. రోజూ తిండి పెట్టే చెయ్యి అంత తేలిగ్గా వదిలేసి రమ్మనలేదు.

మూడూ ఒకే పరుపు మీద నిద్రపోతాయని ఆశ పెట్టుకోకండి. ఒకటి సోఫా మీద, ఒకటి బీరువా పైన, ఒకటి కిటికీలో ఉండి, ఎదురుపడినప్పుడు పక్కకు తప్పుకుంటే మీ పని అయినట్టే. గడువు దాటినా రక్తాలు కారుతుంటే, ఊళ్లో లచ్చికి అలవాటైన ఇరుగుపొరుగు ఎవరైనా ఉన్నారేమో కనుక్కోండి. అక్కడికి పంపడం అమ్మను వదిలేయడం కాదు.

ఆ బుట్టలోని చీర ఇంకా ఉతకలేదు కదా? ఉతకకండి. లచ్చి గదిలో పరిచి ఉంచండి. ఆ గదిలో దానికి తెలిసిన వాసన అదొక్కటే.