కౌంటు 86 వచ్చింది... ఫైను కడితే సరిపోదా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది హైదరాబాద్ అంబర్‌పేట. మా పెద్దబ్బాయి బీటెక్ చివరి సంవత్సరం. ఇంకో మూడు నెలల్లో 21 నిండుతాయి. మొన్న శనివారం స్నేహితుడి పుట్టినరోజని వెళ్లి, రాత్రి బైక్ మీద వస్తూ డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికాడు. తాగింది రెండు బీర్లేనంటాడు, కౌంటు మాత్రం 86 వచ్చింది. లైసెన్సు తీసుకున్నారు, బండి స్టేషన్‌లో పెట్టారు, ఇంట్లోవాళ్లతో కౌన్సెలింగ్‌కి రమ్మన్నారు. ఫైను ఆన్‌లైన్‌లో కట్టేద్దామంటే కుదరడం లేదు. తెలిసినాయన ఒకరు ముప్పై వేలిస్తే కోర్టు దాకా పోకుండా చూస్తానంటున్నారు. వాడు వచ్చే ఏడాది ఎంఎస్‌కి అమెరికా వెళ్లాలి. బైక్ మావారి పేరు మీద ఉంది, ఆయన మీద కూడా కేసవుతుందా? బైక్ లేక ఇబ్బందిగా ఉంది. ఇంటర్ చదివే మా చిన్నబ్బాయే రోజూ స్కూటీ మీద వాళ్ల నాన్నను మెట్రో దగ్గర దింపి వస్తున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందు ఆ ముప్పై వేల సంగతి. ఇవ్వకండి. మీవాడు ఊదినప్పుడే కౌంటు, టైము మెషిన్‌లో నమోదయ్యాయి. ఆయన డబ్బు తీసుకుని చేసేదేమీ ఉండదు. వాయిదా రోజు మీవాడు కోర్టుకు వెళ్లకపోతే వారెంటు వస్తుంది, అప్పుడు ఆయన ఫోన్ ఎత్తడు.

ఆన్‌లైన్‌లో ఎందుకు కట్టలేకపోతున్నారంటే, హెల్మెట్ లేకపోవడం లాంటివాటికి పోలీసులే జరిమానా కట్టించుకుని కేసు మూసేయవచ్చు. తాగి నడపడం ఆ జాబితాలో లేదు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే నేరం. కౌంటు అంటే ఈ అంకెే, మీవాడికి 30 దాటకూడని చోట 86 వచ్చింది. మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, లేదా పదివేల జరిమానా, లేదా రెండూ. రెండోసారి దొరికితే రెండేళ్ల వరకు జైలు, లేదా పదిహేను వేల జరిమానా, లేదా రెండూ. ఏదైనా మేజిస్ట్రేటే వేయాలి. బెయిలబుల్ నేరమే, అంటే బెయిల్ హక్కుగా దొరుకుతుంది కాబట్టి అరెస్టు గురించి కంగారు పడకండి.

చాలామంది తల్లిదండ్రులకు తెలియని విషయం ఒకటుంది. కోర్టులో తప్పు ఒప్పుకుని ఫైను కట్టి బయటికొస్తే, 'అయిపోయింది, జైలు పడలేదు' అనుకుంటారు. జరిమానా కూడా శిక్షే. ఆ కాగితం మీద మీవాడు దోషిగా తేలినట్టు ఉంటుంది. అందుకే వాయిదా రోజు అందరితోపాటు వరుసలో నిలబడి తలూపి రాకండి. ఒక లాయర్‌ను పెట్టుకుని, 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం కింద అడగమని చెప్పండి. 21 ఏళ్లలోపువాళ్లను జైలుకు పంపే ముందు మందలించి గానీ, మంచి నడవడికకు బాండు తీసుకుని గానీ వదిలే వీలుందేమో కోర్టు తప్పనిసరిగా చూడాలని ఆ చట్టం 6వ సెక్షన్ చెబుతుంది. అలా వదిలితే, దోషిగా తేలినందువల్ల వచ్చే అనర్హతలు వర్తించవని 12వ సెక్షన్‌లో ఉంది. ఇక్కడ లెక్కలోకి వచ్చేది నేరం జరిగిన నాటి వయసు కాదు, కోర్టు దోషిగా తేల్చే నాటి వయసు. మీ చేతిలో ఉన్నది మూడు నెలలే. వాయిదాలు అడుక్కుంటూ కూర్చుంటే ఆ అవకాశం చేజారుతుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఇదే మొదటిసారి కాబట్టి అడగడంలో న్యాయం ఉంది. ఇవ్వడం మేజిస్ట్రేట్ గారి విచక్షణ.

అమెరికా సంగతి. వీసా ఫారం డీఎస్-160లో, ఎప్పుడైనా అరెస్టయ్యారా, ఏ నేరంలోనైనా దోషిగా తేలారా అని అడుగుతారు. క్షమాభిక్ష దొరికినా సరే చెప్పాలని అందులోనే ఉంటుంది. ఇక్కడ ప్రొబేషన్ దొరికింది కదా అని అక్కడ 'నో' కొట్టకూడదు. గత ఐదేళ్లలో తాగి నడిపిన కేసు ఒక్కటున్నా సాధారణంగా వాళ్లు సూచించిన డాక్టర్ దగ్గరికి పరీక్షకు పంపుతారు. ఆలస్యమవుతుంది, అంతే. దాచి దొరికితే మాత్రం అబద్ధం చెప్పినందుకు జీవితాంతం వీసాకు అనర్హుడయ్యే ప్రమాదం ఉంది. కోర్టు ఆర్డర్ సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసి పెట్టుకోండి. పాస్‌పోర్టు ఇంకా తీసుకోకపోతే, కేసు కోర్టులో పెండింగ్‌లో ఉండగా ఇబ్బందవుతుంది. త్వరగా తేల్చుకోమనడానికి అదీ ఒక కారణం.

బండి గురించి. తాగి నడిపారన్న ఒక్క కారణంతో వాహనాన్ని తమ దగ్గరే ఉంచుకునే అధికారం పోలీసులకు లేదని 2021లో తెలంగాణ హైకోర్టు స్పష్టంగా చెప్పింది. వెంట తాగనివాళ్లు, లైసెన్సున్నవాళ్లు ఉంటే వాళ్లకు అప్పగించాలి. ఎవరూ లేకపోతే ఇంటివాళ్లకు కబురు చేయాలి. తాత్కాలికంగా స్టేషన్‌కు తీసుకెళ్లినా, ఓనర్ ఆర్‌సీ, గుర్తింపు కార్డు, లైసెన్సు చూపిస్తే ఇచ్చేయాలి. మీవారినే వెళ్లమనండి. లైసెన్సు వేరే విషయం. దాన్ని ఆర్‌టీఏకు పంపుతారు, సస్పెండ్ చేసే ముందు మీవాడి మాట వినాలి. సస్పెన్షన్‌లో ఉండగా నడిపితే అది ఇంకో కేసు, మూడు నెలల దాకా జైలు.

మీవారి మీద ఈ విషయంలో కేసు ఉండదు. కొడుకు మేజర్, లైసెన్సు ఉంది, తాగుతాడని తెలిసి తాళం చేతికివ్వలేదు. నిజంగా ఆయన ఇబ్బందిలో పడేది, మీరు చివర్లో మాటవరసకు రాసిన స్కూటీ దగ్గర. చిన్నబ్బాయికి 18 నిండకపోతే అది పెద్దవాడి కేసు కంటే పెద్ద నేరం, అదీ పిల్లాడిది కాదు, మీది. మోటారు వాహనాల చట్టం 199ఏ సెక్షన్ చదివితే నిద్రపట్టదు: మైనర్ బండి నడిపి నేరం చేస్తే తండ్రి లేదా ఓనర్ దోషి, మూడేళ్ల వరకు జైలు, ఇరవై ఐదు వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లొచ్చే దాకా లైసెన్సు ఇవ్వరు. 'మాకు తెలియకుండా తీసుకెళ్లాడు' అని నిరూపించుకుంటే బయటపడే దారుంది. మీవారు వెనక సీట్లో కూర్చుని మెట్రోకు వెళ్తూ ఆ మాట ఎలా చెబుతారు? 16 ఏళ్లకే ఇచ్చే లైసెన్సు 50 సీసీ లోపు బండ్లకు మాత్రమే, మీ స్కూటీ దానికంటే పెద్దదే అయి ఉంటుంది. రేపటి నుంచి ఆటో మాట్లాడుకోండి.

ఇక పెద్దవాడు. రెండు బీర్లని మీకు అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. పెద్ద సీసా స్ట్రాంగ్ బీరయితే రెండింటికే ఆ కౌంటు వస్తుంది. శరీరం గంటకు సుమారు పదిహేను మిల్లీగ్రాములే తగ్గించుకోగలదు, నిమ్మరసానికీ కాఫీకీ అది వేగం పుంజుకోదు. 86 నుంచి 30కి దిగాలంటే ఎంత లేదన్నా మూడున్నర గంటలు పైనే. ఈ లెక్క వాడిచేతే వేయించండి. తెలంగాణలో 21 నిండనివాళ్లకు మందు అమ్మడమే నేరం, అమ్మిన బారువాడిని ఎవరూ అడగరనుకోండి, అది వేరే కథ.

వాడికి ఇంకోటి కూడా చెప్పండి. 2016 జూలైలో పంజాగుట్ట దగ్గర తాగిన ఇంజనీరింగ్ విద్యార్థుల కారు డివైడర్ దాటి అవతలి కారు మీద పడి, ఒకే కుటుంబంలో ముగ్గురు పోయారు. అందులో ఒకరు బడికెళ్లే చిన్నపాప. 2006లో ముంబై కార్టర్ రోడ్డులో ఒక కుర్రాడు తాగి నడిపి, పేవ్‌మెంట్ మీద నిద్రపోతున్న ఏడుగురు కూలీల ప్రాణాలు తీశాడు. కింది కోర్టు నిర్లక్ష్యమని ఆరు నెలలు వేసింది. హైకోర్టు మాత్రం, ప్రాణం పోవచ్చని తెలిసీ నడిపాడంటూ హత్య కాని నరహత్య కింద మూడేళ్లు వేసింది. 2012లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. ఇప్పుడు అదే నేరానికి భారతీయ న్యాయ సంహిత 105వ సెక్షన్‌లో పదేళ్ల వరకు ఉంది. పైగా అలాంటప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ బాధితులకు కట్టినా, తర్వాత ఆ సొమ్ము మీవారి దగ్గర వసూలు చేసుకోవచ్చు.

కౌన్సెలింగ్‌కి వాడి వెంట మీరిద్దరూ వెళ్లండి. ఇచ్చిన కాగితం జాగ్రత్త చేసి, వాయిదా తేదీ రాసుకోండి. ఆ రోజు లాయర్‌తో పాటు పదో తరగతి మెమో, ఆధార్, కాలేజీ బోనఫైడ్ వెంట ఉంచుకోండి. వయసు రుజువుకు మెమో చాలు.