అలసట పని వల్లా, నటన వల్లా?

ప్రశ్న: నా వయసు 33. రెండేళ్ల క్రితం నాకు ఆటిజం ఉందని నిర్ధారణ అయింది. అంతకు ముందు చాలా ఏళ్లు డిప్రెషన్‌కు మందులు వాడాను. ఎనిమిది నెలలుగా ఒక మానసిక ఆరోగ్య కేంద్రంలో పీర్ సపోర్ట్ వర్కర్‌గా, అంటే ఆ బాధలు తానూ పడి అలాంటివాళ్లకు తోడుండే మనిషిగా, పనిచేస్తున్నాను. నాలాగే ఇబ్బందులు పడినవాళ్లతో కూర్చుని మాట్లాడటం నాకెంతో ఇష్టం. టీమ్ మీటింగుల్లో మాత్రం నోరు పెగలదు. కళ్లలోకి చూసి మాట్లాడమని, కాస్త మెత్తగా చెప్పడం నేర్చుకోమని సూపర్‌వైజర్ అంటున్నారు. ‘నిన్ను చూస్తే ఆటిజం ఉన్నట్టే లేదు’ అని తోటివాళ్లు మెచ్చుకుంటారు. ఇంటికొచ్చాక మాట రాదు, లైటు ఆర్పి పడుకుంటాను. ‘నిన్ను నువ్వే చూసుకోలేకపోతున్నావు, ఊళ్లోవాళ్ల బాధలు నీకెందుకు, మానెయ్’ అంటున్నారు మా వారు. కోపంతో అనడం లేదని తెలుసు. నిజంగా నేను ఈ పనికి తగనా?

జవాబు: మీ ఉత్తరాన్ని మీరే ఇంకోసారి చదువుకోండి. సాయం కోసం వచ్చినవాళ్లతో గడిపే సమయం గురించి ‘ఎంతో ఇష్టం’ అని రాశారు. కష్టం గురించి రాసిన చోట ఉన్నవి మీటింగులు, కళ్లలోకి చూడటం, మెత్తగా మాట్లాడటం, ఆటిజం లేనట్టు కనిపించడం. అంటే రోజంతా ఉద్యోగం చేస్తూ, దానితో పాటు ఇంకో మనిషిలా నటిస్తున్నారు. దీన్నే మాస్కింగ్ అంటారు. ఎదుటివాళ్ల వైపు ఎంతసేపు చూడాలి, ఎక్కడ నవ్వాలి, ఎప్పుడు తలూపాలి అని లోపల లెక్కలు వేసుకుంటూనే ఉంటే సాయంత్రానికి మాటలు మిగలకపోవడంలో వింత లేదు. ‘ఆటిజం ఉన్నట్టే లేదు’ అన్న మెచ్చుకోలు కోసం మీరు రోజూ కడుతున్న ధర అది.

మీరు తగరని నాకు ఏ కోశానా అనిపించలేదు. ఈ ఉద్యోగం పుట్టిందే బాధను లోపలి నుంచి ఎరిగినవాళ్ల కోసం. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో పారిస్‌లోని బిసెత్ర్ ఆసుపత్రిలో జాన్ బాప్తిస్త్ పుస్సన్ అనే అధికారి, కోలుకున్న మానసిక రోగులనే సహాయకులుగా పెట్టుకునేవాడు. ఆయన కూడా ఒకప్పుడు అక్కడ ఒంటి జబ్బుకు చికిత్స పొందినవాడే. అలాంటి సహాయకులు మిగతావాళ్ల కంటే దయగా ఉంటారని అదే ఆసుపత్రిలో పనిచేసిన డాక్టర్ ఫిలిప్ పినెల్ రాశాడు. మీ కేంద్రం మిమ్మల్ని తీసుకున్నదీ మీ అనుభవం కోసమే. ఆ అనుభవాన్ని దాచుకుని పనిచేయమంటే, మిమ్మల్ని ఎందుకు తీసుకున్నారో వాళ్లే మరిచిపోయినట్టు.

కళ్లలోకి చూడమన్న సలహా గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఆటిజం ఉన్నవాళ్లకు ఎదుటివారి మనసు అర్థం కాదని చాలాకాలం ఒకవైపే చెప్పేవారు. డేమియన్ మిల్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త, తానూ ఆటిజం ఉన్న వ్యక్తే, 2012లో దీన్ని ప్రశ్నించారు. అర్థం కాకపోవడం రెండువైపులా ఉంటుందని, ఆటిజం లేనివాళ్లకు కూడా ఆటిజం ఉన్నవాళ్లు అంతే అర్థం కారని ఆయన వాదన. తర్వాత 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో ఒక కథను ఒకరి నుంచి ఒకరికి వరసగా చెప్పించి చూశారు. ఆటిజం ఉన్నవాళ్లు తమలో తాము చెప్పుకున్నప్పుడు విషయం ఏమీ ఎక్కువగా జారిపోలేదు, ఆటిజం లేనివాళ్ల వరసలో ఎంత నిలిచిందో ఇక్కడా అంతే నిలిచింది. కాబట్టి చూపు పక్కకు తిప్పుకుంటే మాట మనసుకు చేరదన్న భయం పెట్టుకోకండి. ‘నేను కిటికీ వైపు చూస్తున్నప్పుడే బాగా వింటాను, మీరూ ఎటు చూసినా పరవాలేదు’ అని మొదటిరోజే చెప్పండి. ఆ మాటతో ఊపిరి పీల్చుకునేవాళ్లు ఉంటారు.

సూటిగా మాట్లాడటం గురించి మాత్రం మీ సూపర్‌వైజర్ మాటను పూర్తిగా కొట్టిపారేయను. సూటిగా చెప్పడం వేరు, అడగకుండా చెప్పడం వేరు. మొదటిది మీ బలం. రెండోది ఈ పనిలో అందరం చేసే పొరపాటు. మీకు పనికొచ్చింది వాళ్లకు పనికిరాకపోవచ్చు. ఇద్దరికీ ఆటిజమే ఉన్నా ఒకరికి శబ్దం నరకం, ఇంకొకరికి పాట పెద్దగా పెట్టుకుంటేనే ప్రశాంతత. ‘నాకు జరిగింది చెప్పమంటారా?’ అని ఒక్కమాట అడిగి, వాళ్లు ఊ అన్నాకే చెప్పండి. ఇంకా పచ్చిగా ఉన్న గాయాల సంగతి ఆ గదిలోకి తేకండి. ఎవరైనా చనిపోవాలని ఉందని చెబితే ఆ భారం మీ ఒక్కరిదిగా ఉంచుకోకండి. వెంటనే టీమ్‌కు తెలియజేయాలి, అలా తెలియజేస్తానని వాళ్లకు మొదటిరోజే చెప్పి ఉంచాలి.

ఇక ఆఫీసులో అడగాల్సినవి కాగితం మీద పెట్టండి, నోటితో అడిగితే మళ్లీ ఆ మీటింగు టెన్షనే. మీటింగులో ఏం చర్చిస్తారో ముందురోజే రాతపూర్వకంగా పంపమనండి, మీ అభిప్రాయం రాసి ఇచ్చే వీలు అడగండి. ఒకరితో మాట్లాడాక ఇంకొకరిని కలిసేలోపు పావుగంట నిశ్శబ్దం కావాలి. కళ్లకు గుచ్చుకునే లైటు మార్చమనండి. ఇవి గొంతెమ్మ కోరికలు కావు. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన ఒప్పందంలో, పనిచేసే చోట ఇలాంటి సహేతుకమైన సర్దుబాట్లు చేయాలని స్పష్టంగా ఉంది.

సూపర్‌విజన్, అంటే మీ పని గురించి సూపర్‌వైజర్ మీతో విడిగా మాట్లాడే పద్ధతి కూడా మార్చమనండి. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ఏం చెప్పాలో మీకు తోచకపోవచ్చు. తమ భావాలను గుర్తుపట్టి మాటల్లో పెట్టడం ఆటిజం ఉన్నవాళ్లలో చాలామందికి కష్టం. భావం లేదని కాదు, దానికి పేరు వెంటనే దొరకదు. ఈ వారం నిద్ర ఎన్ని గంటలు, ఏ మాట పదేపదే గుర్తొచ్చింది, ఎన్ని రోజులు భోజనం మానేశారు అని అడగమనండి. వాటికి మీరు చక్కగా జవాబు చెప్పగలరు.

ఒక విషయంలో మాత్రం ఆలస్యం చేయవద్దు. సెలవు రోజు తర్వాత కూడా తేరుకోకపోవడం, ఇంతకు ముందు తేలిగ్గా చేసిన వంట, స్నానం లాంటివి కూడా చేయలేకపోవడం, చిన్న చప్పుడూ భరించలేకపోవడం నెలల తరబడి సాగితే అది ఆటిస్టిక్ బర్న్‌అవుట్ కావచ్చు. డిప్రెషన్ మళ్లీ తిరగబెట్టి ఉండవచ్చు కూడా. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, చేయాల్సింది మాత్రం వేరు. మీ డాక్టర్‌ను కలవండి, మందులు మీ అంతట మీరు మానవద్దు.

మీ వారికి ఈ జవాబు చదివి వినిపించండి. ఆయన చూస్తున్నది చీకట్లో పడుకున్న భార్యను, అందుకే పని మానేస్తే చాలనుకుంటున్నారు. పగలు మీ ఎదుట కూర్చున్న మనిషి తేలికపడి లేచి వెళ్లడం ఆయనకు కనిపించదు. ఇంటికొచ్చిన మొదటి గంట నన్నేమీ అడగవద్దు, నా మౌనం మీ మీద అలక కాదు అని ఆయనకు స్పష్టంగా చెప్పండి. మాట రానప్పుడు చూపించడానికి ‘బాగానే ఉన్నాను, తర్వాత మాట్లాడతా’ అని ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి. ఆఫీసులో అడిగిన మార్పులు జరిగాక మూడు నెలలు చూడండి. అప్పటికీ సాయంత్రాలు ఇలాగే ఉంటే, ఉద్యోగం మానాలా, రోజులు తగ్గించుకోవాలా, ఇంకో చోటుకు మారాలా అన్నది ఆయనతో కూర్చుని మాట్లాడుకోండి.