ఆర్కేడ్ ఫైర్ మొదటి ఆల్బమ్ 'ఫ్యూనరల్'ని విమర్శకులు అంతగా ఎందుకు మెచ్చుకున్నారు?

గుణుపురంలో బ్యాండ్ పెట్టుకున్న మీ కుర్రాళ్లకు ఈ డౌట్ రావడం మంచిదే. కెనడాలోని మాంట్రియల్‌కి చెందిన ఈ రాక్ బ్యాండ్ ఆల్బమ్‌ని 2004లో మెర్జ్ అనే చిన్న కంపెనీ విడుదల చేసింది, పిచ్‌ఫోర్క్ అనే మ్యూజిక్ రివ్యూల వెబ్‌సైట్ 10కి 9.7 ఇచ్చింది, అది చదివి చాలామంది వెతుక్కుని మరీ కొన్నారు. తర్వాత గ్రామీ నామినేషన్ కూడా వచ్చింది.

అయితే అసలు సంగతి మార్కులు కాదు. రికార్డింగ్ రోజుల్లోనే బ్యాండ్‌లో కొందరి ఇళ్లలో పెద్దవాళ్లు పోయారు, 'ఫ్యూనరల్' (అంత్యక్రియలు) అనే పేరు అందుకే. అయినా పాటల్లో నీరసం లేదు. మన పర్లాకిమిడి వైపు శవయాత్రలో డప్పు ఎంత గట్టిగా మోగుతుందో, ఇందులో దుఃఖం కూడా అలాగే గొంతెత్తుతుంది. 'వేక్ అప్' అనే పాటలో గిటార్ మొదలవగానే మాటల్లేకుండా అందరూ కలిసి అరిచే ఆ రాగం వినండి, విమర్శకులు పడిపోయింది అక్కడే. 2005లో ప్రముఖ బ్రిటిష్ రాక్ గాయకుడు డేవిడ్ బోవీ ఈ బ్యాండ్‌తో కలిసి స్టేజీ మీద ఆ పాటే పాడాడు. బ్యాండ్ ప్రధాన గాయకుడు విన్ బట్లర్ గొంతు కొన్నిచోట్ల మరీ ఆవేశపడుతుంది, నిజమే, కానీ ఆ వణుకు తీసేస్తే ఈ పాటలు నిలబడవని నా అభిప్రాయం.