ఎడిటింగ్ కంప్యూటర్ కోసం డిపాజిట్ తీయవచ్చా?

ప్రశ్న: ఉద్యోగం చేస్తూనే మూడేళ్లుగా వేడుకల ఫొటోలు ఎడిట్ చేసి ఇస్తున్నాను. ఏడేళ్ల నాటి లాప్‌టాప్ మొరాయిస్తోంది. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఉన్న గేమింగ్ కంప్యూటర్ తీసుకోమని మిత్రులు అంటున్నారు. దాని ధర నా పద్నాలుగు నెలల ఎడిటింగ్ ఆదాయంతో సమానం. అత్యవసరాలకు దాచిన డిపాజిట్ తీసి కొనాలా, వాయిదాల్లో తీసుకోవాలా?

జవాబు: డిపాజిట్ సంగతి తర్వాత చూద్దాం. అసలు ఆ కంప్యూటర్ మీకు అవసరమా అన్నది ముందు తేలాలి.

మీ మిత్రులు మీ మేలు కోరే చెప్పి ఉంటారు. అయితే ఆటల్లో భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది. ఫొటోల పనిలో రోజువారీ బరువు ఎక్కువగా మోసేవి ప్రాసెసర్, ర్యామ్ (పని జరుగుతున్నంతసేపు సమాచారాన్ని ఉంచుకునే తాత్కాలిక మెమరీ). ఒక లెక్క వేసి చూడండి. 24 మెగాపిక్సెళ్ల ఫొటోను ఫొటోషాప్‌లో 16 బిట్లలో తెరిస్తే, పిక్సెల్‌కు మూడు రంగులు, రంగుకు రెండు బైట్లు చొప్పున ఒక్క లేయరే (ఫొటో మీద పరిచే పొర) సుమారు 144 మెగాబైట్లు అవుతుంది. చర్మానికి ఒకటి, వెలుతురుకు ఒకటి అంటూ పది లేయర్లు వేస్తే దాదాపు గిగాబైటున్నర. దీనికి తోడు వెనక్కి వెళ్లేందుకు దాచిపెట్టే పాత దశలు, పక్కనే తెరిచి ఉన్న ఫొటోల సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్, బ్రౌజర్. ర్యామ్ 8 గిగాబైట్లే ఉంటే అది నిండిపోగానే కంప్యూటర్ డిస్కును ర్యామ్‌కు బదులుగా వాడడం మొదలుపెడుతుంది. డిస్కు ఎంత మంచిదైనా ర్యామ్ వేగం దానికి రాదు. మీ లాప్‌టాప్ మొరాయించడానికి కారణం ఇదే కావచ్చు.

ఒక వారం పాటు, ఏ భాగం ఎంత నిండిందో చూపే విండోస్ టాస్క్ మేనేజర్‌ను తెరిచి ఉంచి పని చేయండి. మీరు చేతులు కట్టుకుని కూర్చోవలసి వచ్చిన ప్రతిసారీ ఏది నిండిపోయిందో, ఎన్ని నిమిషాలు పోయాయో రాసుకోండి. రోజుకు ఇరవై నిమిషాల చొప్పున ఏడాదిలో మూడు వందల రోజులంటే వంద గంటలు. ఆ వంద గంటల్లో మీరు నిజంగా ఎంత సంపాదించగలరో అంతే ఆ వేగం విలువ. కొత్త పని దొరకకపోతే ఆ గంటలు విశ్రాంతికి పనికొస్తాయి, వాయిదా కట్టడానికి పనికిరావు.

నిండుతున్నది ర్యామ్ అయితే, లాప్‌టాప్‌లో స్లాటు ఉందేమో చూసి ర్యామ్ పెంచండి. పాత హార్డ్ డిస్కు ఉంటే తీసేసి దానికన్నా చాలా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ పెట్టించండి. కొత్త యంత్రం ధరతో పోలిస్తే ఇది చాలా చిన్న ఖర్చు. కాకపోతే విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు మారలేని యంత్రమైతే దాని మీద ఇక డబ్బు పెట్టకండి.

కొత్తది కొనక తప్పదంటే డెస్క్‌టాప్ తీసుకోండి. మధ్యస్థాయి ప్రాసెసర్, 32 గిగాబైట్ల ర్యామ్, ఒక టెరాబైట్ ఎన్‌వీఎంఈ (వేగం మరింత ఎక్కువ ఉండే రకం) ఎస్ఎస్‌డీ మీ పనికి చాలు. తర్వాత అవసరమైన భాగమొక్కటే మార్చుకోవచ్చు. ర్యామ్‌ను బోర్డుకు అతికించేసిన పలుచటి లాప్‌టాప్‌లలో ఆ వీలు ఉండదు. ఏఐతో నాయిస్ తగ్గించే పని తరచుగా ఉంటేనే 8 గిగాబైట్ల మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డు గురించి ఆలోచించండి.

మిగిలిన డబ్బు మానిటర్‌కు వెళ్లాలి. చాలామంది ఇక్కడే పొదుపు చేస్తారు, నాకు ఎప్పటికీ అర్థం కాని విషయం. మీరు అమ్ముతున్నది రంగులను. ఎస్ఆర్‌జీబీ (తెరలకు ప్రామాణికమైన రంగుల శ్రేణి) రంగులన్నీ చూపే ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగులు పెద్దగా మారని రకం) తెర, దాని రంగులను సరిచూసే కాలిబ్రేటర్ అనే పరికరం కొనండి. సెకనుకు 240 సార్లు మారే తెర నిశ్చల చిత్రానికి చేసేదేమీ లేదు. మంచి మానిటర్ రెండు కంప్యూటర్ల ఆయుష్షు చూస్తుంది, కాబట్టి ఏడాదికి పడే ఖర్చు తక్కువే. బ్యాకప్‌కు విడి డిస్కు కూడా ఇదే బడ్జెట్‌లో ఉండాలి. ఎవరి వేడుకైనా రెండోసారి జరగదు కదా.

ఇక డబ్బు సంగతి. మొత్తం ఖర్చు ఆరు నెలల ఎడిటింగ్ ఆదాయం దాటకుండా చూసుకోండి. అందులో సగం ఎడిటింగ్ ఆదాయం నుంచే కూడబెట్టండి, మిగతాది ఏడాదిలోపు వాయిదాల్లో కట్టవచ్చు. అయితే వాయిదాను సగటు ఆదాయంతో పోల్చవద్దు. వేడుకలు లేని నెలలో మీకు వచ్చేదెంతో దానితో పోల్చండి. 'వడ్డీ లేని వాయిదా' అంటే, మొత్తం ఒకేసారి చెల్లిస్తే ఎంత తగ్గిస్తారో అడగండి. ఆ తేడాయే వడ్డీ. ఫొటోషాప్, లైట్‌రూమ్‌ల కోసం అడోబీకి కట్టే నెలవారీ చందాను కూడా వాయిదాతో కలిపే లెక్కించండి. వాయిదా ఏడాదికి ఆగుతుంది, చందా ఆగదు. అది బరువనిపిస్తే ఉచితంగా దొరికే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డార్క్‌టేబుల్‌తో ఒక నెల పని చేసి చూడండి.

ఒకవేళ ఆ వారం లెక్కలో గ్రాఫిక్స్ కార్డే నిండుగా కనిపిస్తే మీ మిత్రుల మాటే నెగ్గినట్లు. అప్పుడు కార్డుకు పెద్ద వాటా ఇవ్వండి, డిపాజిట్ జోలికి మాత్రం వెళ్లకుండా.